ట్రెయిలర్‌లో కాపురం ఉండే కుటుంబాలకు రూలేమిటో రాసి ఇవ్వండి: రవాణా, పర్యాటక, విద్యా శాఖల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. మాది హిందూపురం వైపు. బతుకుదెరువు బెంగళూరు. మారతహళ్లిలో ఏళ్ల తరబడి అద్దెకున్నాం. మావారు ఇంటి నుంచే సొంతంగా సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటారు, నేను చిన్న కంపెనీలకు లెక్కలు రాస్తాను. ఇద్దరు పిల్లలు. మా అత్తగారు ఏడాదిలో కొన్ని నెలలు మా దగ్గరుంటారు. ఆ అద్దె ఇల్లు ఖాళీ చేసి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రెయిలర్‌నే ఇల్లు చేసుకుని తిరుగుతున్నాం. సెలవులకు చేసే విహారం కాదిది. వంట, పని, పిల్లల చదువు, పండగ అన్నీ అందులోనే.

ఈ లేఖలోని సంగతులన్నీ కన్నడలోనూ ఇంగ్లిషులోనూ అర్జీలుగా ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేశారు, జవాబు మాత్రం రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే ఒక కౌంటరువాళ్లు ఇంకో కౌంటరు చూపించారు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. తెలుగులో ఎందుకంటే, బెంగళూరులో లక్షలమంది తెలుగువాళ్లున్నారు. పైగా బాగేపల్లి దాటినా ముల్బాగల్ దాటినా మా దారి ఆంధ్రాలోకే. అటువైపు అధికారులు కూడా చదవాలని మా కోరిక.

ముందుగా ఒక మాట. మేం రాయితీలు అడగడం లేదు. పన్ను కడతాం, టోల్ కడతాం, బీమా కడతాం. ఎంత కట్టాలో, ఎక్కడ ఆగవచ్చో, పిల్లల పేర్లు ఏ పుస్తకంలో రాయించాలో ఒక్క కాగితం మీద రాసివ్వమని అడుగుతున్నాం. అది లేకపోవడం వల్ల ఏం జరుగుతోందో కింద వివరిస్తాను.

1. రిజిస్ట్రేషన్ గురించి.

1988 మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్‌కు నిర్వచనం ఉంది. ఇంజిన్ లేకపోయినా మోటారు వాహనం కిందే లెక్క, సొంత నంబరు ఉండాలి. బరువును బట్టి తరగతులున్నాయి: 750 కిలోల లోపు టీ1, అక్కడి నుంచి మూడున్నర టన్నుల వరకు టీ2. అయితే క్షేత్రస్థాయిలో ట్రెయిలర్ అనగానే ట్రాక్టరు తొట్టి, లారీ వెనక సరుకు బండి, ఈ రెండే గుర్తొస్తాయి. ఇంజిన్ ఉన్న కారవాన్‌కు, అంటే ఇల్లులా అమర్చుకున్న వ్యానుకు, ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణమే ఉంది. అందులో కూర్చునే చోటు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండాలని స్పష్టంగా రాశారు. మా ట్రెయిలర్‌లో ఇవన్నీ ఉన్నాయి, ఇంజిన్ ఒక్కటే లేదు.

నగరంలోని ఒక కార్యాలయంలో దీన్ని సరుకు ట్రెయిలర్‌గా రాయించుకోమన్నారు. అలా రాయిస్తే ఎప్పటికప్పుడు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సరుకు బండిలో మంచాలెందుకున్నాయని దారిలో ఆపి అడిగితే మా దగ్గర జవాబుండదు. బండ్ల రిజిస్ట్రేషన్‌కు దేశమంతా వాడే ‘వాహన్’ కంప్యూటర్ వ్యవస్థలోనే ‘క్యాంపర్ వ్యాన్ / ట్రెయిలర్ (ప్రైవేట్ యూజ్)’ అనే తరగతి ఉందని ఫోన్‌లో తెరిచి చూపించాం. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడారు. ‘ఉందమ్మా, కానీ మాకు సర్క్యులర్ లేదు’ అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. పైనుంచి కాగితం రాకుండా ఆయన సంతకం పెడితే రేపు సంజాయిషీ ఆయనే ఇచ్చుకోవాలి. ఆ కాగితం పంపాల్సింది మీరు.

రెండో చిక్కు రాష్ట్రాలు మారడం. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలని అదే చట్టం సెక్షన్ 47 చెబుతోంది. మేం ఏ రాష్ట్రంలోనూ అన్నాళ్లుండం. ఆ సంగతి రుజువు చేసుకోవడానికి టోల్ రసీదులు, పెట్రోలు బంకు బిల్లులు కట్టగట్టి దాచుకోవాల్సి వస్తోంది. తరచూ రాష్ట్రాలు మారేవారికోసం కేంద్రం 2021 సెప్టెంబరు 15 నుంచి, రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబర్లు తెచ్చింది. మంచి ఆలోచన. కానీ అది రక్షణ సిబ్బందికి, ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకే. బదిలీ మీద ఊరు మారే ఉద్యోగికి ఉన్న సౌకర్యం, ఏడాది పొడవునా రోడ్డు మీదే ఉండి సొంతంగా సంపాదించుకునే మనిషికి లేదు.

2. టోల్ గురించి.

జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చాయి. అందులోని మూల రేటు కిలోమీటరుకు కారుకు 65 పైసలు, తేలికపాటి వాణిజ్య వాహనానికి 1.05 రూపాయలు, మూడు ఇరుసుల వాణిజ్య వాహనానికి 2.40 రూపాయలు. ఏటా రేట్లు పెరుగుతున్నా ఈ తేడా అలాగే వస్తోంది. మా కారుకు రెండు ఇరుసులు, ట్రెయిలర్‌కు ఒకటి. ఒక టోల్‌గేటులో కారు కిందే పంపేశారు. ఇంకొకచోట తేలికపాటి వాణిజ్య వాహనం అన్నారు. మరోచోట యంత్రం మూడు ఇరుసులు లెక్కపెట్టి లారీ అని తేల్చింది. అంటే అదే బండికి, అదే దూరానికి, కారు కంటే మూడున్నర రెట్లకు పైగా. ఫాస్టాగ్‌లో ఉన్న తరగతికీ యంత్రం చూసిన దానికీ పొంతన కుదరక గేటు లేవకపోతే వెనక లారీలు హారన్లు కొడుతుంటాయి. ట్రెయిలర్ తగిలించిన బండిని రివర్స్ చేసి పక్క లైనులోకి తీయడం ఎంత కష్టమో నడిపినవాళ్లకే తెలుసు. స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రెయిలర్ దానికి ఎదురుదిక్కుకు పోతుంది. వెనక బండ్లు ఆనుకుని ఉన్నప్పుడు అది ప్రమాదం కూడా. ఏ తరగతిదో చెప్పండి, ఆ డబ్బే కడతాం.

3. ఆగే చోటు గురించి.

ఇది రాయడానికి నాకు మనసు బరువెక్కుతోంది. మేం బెంగళూరులో ఉన్న రోజుల్లోనే మా అత్తగారికి ఒక రాత్రి షుగర్ పడిపోయి స్పృహ తప్పింది. ట్రెయిలర్ విప్పేసి, కారులో ఆవిణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లాం. ట్రెయిలర్ సర్వీస్ రోడ్డు పక్కన, దారికి అడ్డం లేకుండా, చక్రాలకు రాళ్లు పెట్టి ఉంది. మర్నాడు సాయంత్రం బట్టలకోసం వెళితే అక్కడ లేదు. పది గంటలు, ఆపైన ఎవరూ లేకుండా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127లో ఉంది. కాబట్టి తీసుకెళ్లినవాళ్లు చట్టం దాటలేదు. కానీ అది వదిలేసిన బండి కాదు, మా ఇల్లు. ఆవిడ పాత మందుల చీటీలు, ఫ్రిజ్‌లో పెట్టిన ఇన్సులిన్, పిల్లల పుస్తకాలు, మావారు పని చేసుకునే కంప్యూటర్ అన్నీ అందులోనే ఉన్నాయి. పాత రిపోర్టులేవని డాక్టరు అడిగితే తెచ్చివ్వలేకపోయాం. బండి విడిపించుకునేసరికి కరెంటు లేక ఇన్సులిన్ పాడైంది.

డబ్బు పెట్టి సక్రమంగా ఆగుదామంటే నగరం చుట్టుపక్కల అలాంటి చోటు దొరకదు. రిసార్టులవాళ్లు గది తీసుకుంటేనే లోపలికి రానిస్తామంటారు. హైవే పక్క బంకుల్లో లారీ డ్రైవర్లకు చోటుంటుంది, అక్కడి కుర్రాళ్లు దయతో మాకూ చోటిస్తారు. ఆ దయ మీదే ఎన్ని రాత్రులు గడుస్తాయి? ఆడపిల్లలను పెట్టుకుని చీకటిపడ్డాక చోటు వెతుక్కునే తల్లికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

కేరళ 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో విధానం ప్రకటించి, కారవాన్ పార్కులకు దారి వేసింది. మహారాష్ట్ర కూడా అదే ఏడాది విధానం తెచ్చింది. అవి ఎక్కువగా పర్యాటక సంస్థలను, అద్దె కారవాన్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అయినా ఒక అడుగు పడింది. ట్రావెల్ ట్రెయిలర్లు విరివిగా వాడే అమెరికాలో 1930ల నాటికే ఇవి రోడ్ల మీద ఉన్నాయి. అక్కడ క్యాంప్‌గ్రౌండ్లలో నీటి కుళాయి, కరెంటు ప్లగ్గు, మురుగు గొట్టం మూడూ ఒకేచోట ఇస్తారు. సౌత్ డకోటా రాష్ట్రంలోనైతే, స్థిరమైన ఇల్లు లేకుండా ట్రెయిలర్‌లో తిరిగేవాళ్లు ఒక రాత్రి బస చేసిన రసీదు చూపి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునే వీలు కూడా కల్పించారు. అంతదూరం పోనక్కర్లేదు. హైవేల పక్క కడుతున్న విశ్రాంతి కేంద్రాల్లో రెండు మూడు బండ్లకు గీతలు గీసి, ఒక 16 ఆంపియర్ల ప్లగ్గు, ఒక కుళాయి ఇస్తే మా రాత్రి గడిచిపోతుంది.

4. మరుగుదొడ్డి వ్యర్థాల గురించి.

దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే కొంచెం వివరంగా రాస్తాను. మా ట్రెయిలర్‌లో ఉన్నది కాసెట్ టాయిలెట్. సీటు కింద ఇరవై లీటర్ల లోపు పట్టే పెట్టె ఉంటుంది, మూతపడి, వాసన రాకుండా. రెండు మూడు రోజులకు నిండుతుంది. బయటివైపు చిన్న తలుపు తెరిచి, పెట్టెను లాగి, సూట్‌కేసులా చక్రాల మీద నడిపించుకుంటూ తీసుకెళ్లి పారబోయాలి, కడగాలి. పని ఐదు నిమిషాలే. ఎక్కడ పారబోయాలన్నదే సమస్య. గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు వేరు, దాన్ని చెట్ల పాదుల్లో వదలవచ్చు. ఇది అలా కాదు.

బస్టాండు పక్క సులభ్ తరహా మరుగుదొడ్లలో అడిగితే కొందరు ఒప్పుకుంటారు, కొందరు తరిమేస్తారు. ఒకచోట నిర్వాహకుడు డబ్బు తీసుకుని, పక్కనున్న కుర్రాణ్ని పిలిచి ‘వీడు చేస్తాడు, మీరు వెళ్లండి’ అన్నాడు. ఆ కుర్రాడి చేతులకు తొడుగుల్లేవు. మేం ఒప్పుకోలేదు, మావారే వెళ్లి పారబోసి కడిగొచ్చారు. మనుషుల చేత మలం ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా మా మలం ఇంకొకరి బిడ్డ చేత ఎత్తించే ఉద్దేశం మాకు లేదు. కానీ సరైన చోటు చూపకపోతే, రేపు ఇంకో వందమంది ఇలాంటి బండ్లతో రోడ్డెక్కితే, చీకట్లో కాలవల్లోకీ చెరువు గట్ల మీదకీ పోసేవాళ్లు తయారవుతారు. ఈ నగరం చెరువులు ఇప్పటికే ఎంత మురుగు మింగుతున్నాయో మీకు తెలుసు.

ఖర్చు కూడా పెద్దగా ఉండదు. విమానాశ్రయం దారిలోని దేవనహళ్లిలో 2015లోనే మలవ్యర్థాల శుద్ధి కేంద్రం పెట్టారు. ఊరి మొత్తానికి సరిపడేలా దేశంలో కట్టిన తొలి కేంద్రాల్లో అదొకటి. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు పోసే చోటే, పక్కన ఒక తూము, ఒక కుళాయి పెడితే చాలు. ఒక్కోసారికి ఇంత అని రుసుము పెట్టండి, సంతోషంగా కడతాం. నీళ్ల దుబారా అవుతుందని భయం వద్దు. 2024 ఎండాకాలం కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నప్పుడు మేమూ ఈ ఊళ్లోనే ఉన్నాం. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని ప్రమాణం ఉంది. మా ట్యాంకు 100 లీటర్లు. అది నలుగురికి రెండు రోజులు వస్తుంది.

5. పిల్లల చదువు గురించి.

పెద్దమ్మాయి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్ పుస్తకాలు చదువుతోంది. చిన్నదానికి మూడో తరగతి వయసు. ఎన్ఐఓఎస్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి, పదో తరగతి పరీక్షా ఉంది. చదువుకు లోటు లేదు. మా పిల్లలకు భూగోళం పుస్తకంలో కంటే రోడ్డు మీదే ఎక్కువ వచ్చింది. పెద్దమ్మాయి బయల్దేరే ముందు ట్రెయిలర్ వెనక నిలబడి ‘ఎడమ లైటు, కుడి లైటు, బ్రేకు’ అని తనిఖీ చేసి, గొలుసు బిగిసిందో లేదో చేత్తో లాగి చూసి, అప్పుడు కారెక్కుతుంది. ట్రెయిలర్ కదిలేటప్పుడు అందులో ఎవరూ ఉండకూడదన్న నియమం అందరికంటే గట్టిగా పాటించేది కూడా తనే.

చిక్కు ఎక్కడంటే, కొన్ని నెలలు ఒకే ఊళ్లో ఉన్నప్పుడు బడిలో కూర్చోబెడదామని వెళితే టీసీ ఏది, చిరునామా ఏది, సంవత్సరం మధ్యలో ఎలా కుదురుతుంది అంటారు. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోమంటోంది. ఐదో సెక్షన్ టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం మానవద్దంటోంది. పదిహేనో సెక్షన్ గడువు దాటాక వచ్చినా కాదనవద్దంటోంది. ఈ చట్టం మా పిల్లలకోసం మాత్రమే రాసింది కాదు. బెంగళూరు అపార్ట్‌మెంట్లు కట్టడానికి రాయలసీమ నుంచీ కల్యాణ కర్ణాటక నుంచీ వచ్చి రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకోసం. వాళ్లకు టెంట్ బడులు నడిపిన అనుభవం ఈ రాష్ట్రానికి ఉంది. నాకు సెక్షన్ నంబర్లు చదువుకుని వాదించే ఓపికుంది. ఇటుక బట్టీలో పనిచేసే తల్లికి ఆ తీరిక ఎక్కడిది? ఆమె బిడ్డను ఒకసారి వెనక్కి పంపితే మళ్లీ రాదు.

6. హంపుల గురించి రెండు ముక్కలు. హంపు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండాలో చెప్పడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం (ఐఆర్‌సీ-99) ఉంది. అయినా నగరంలో చాలా లేఅవుట్లలో అడ్డంగా ఒక ముద్ద తారు పోసి వదిలేస్తున్నారు, సున్నపు గీత కూడా ఉండదు. ట్రెయిలర్‌ను కారుకు తగిలించే కొక్కెం (హిచ్) కింది జాకీ చక్రం దానికి తగిలి వంగిపోతుంది. అంబులెన్సులో పడుకున్న రోగికీ నిండు చూలాలికీ ఇంకా పెద్ద కష్టం.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అని కొందరు అధికారులు ముఖం మీదే అన్నారు. మాది మేం ఎంచుకున్న జీవితమన్నది నిజం. కానీ బండి మీదా బండి పక్కనా బతికేవాళ్లలో మేం చాలా చిన్న గుంపు. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు లారీలతో నెలల తరబడి తిరిగేవాళ్లు, జాతరలకు రంగులరాట్నం మోసుకెళ్లే కుటుంబాలు, నెల్లూరు వైపు నుంచి బాతుల మందలతో చేల వెంబడి సాగేవాళ్లు, వీళ్లందరికీ రాత్రి ఆగే చోటు, నీళ్లు, మరుగుదొడ్డి, పిల్లలకు బడి కావాలి. వాళ్లు లేఖలు రాయరు.

తిరిగేవాళ్లకు తగ్గట్టు ఏర్పాటు చేయడం ప్రభుత్వాలకు చేతకాదని నేననుకోను. ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ 2019 ఆగస్టులో మొదలైంది, మొదటి జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. 2022 జూన్ కల్లా దేశమంతా వచ్చింది. ఇప్పుడు ఏ ఊరి కార్డైనా ఏ ఊళ్లోనైనా బియ్యం ఇస్తుంది. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు చూపితే ఐదు కిలోల గ్యాస్ సిలిండర్ ఇస్తున్నారు, మా పొయ్యి దానిమీదే వెలుగుతోంది. బియ్యానికీ గ్యాస్‌కీ దొరికిన దారి బండి నంబరుకూ బడికీ దొరకదా?

మా కోరికలు ఇవి:

1. సొంత వాడకానికి ఉన్న ట్రావెల్ ట్రెయిలర్‌ను వాహన్‌లో ఉన్న ప్రైవేట్ తరగతిలోనే రిజిస్టర్ చేయాలని, ఏమేం కాగితాలు కావాలో, పన్ను ఎంతో చెబుతూ అన్ని ఆర్టీవో కార్యాలయాలకూ సర్క్యులర్ పంపండి. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ముందు కావాలి.

2. బీహెచ్ సిరీస్‌ను, లేదా అలాంటి మరో ఏర్పాటును, సొంతంగా పనిచేసుకుంటూ రాష్ట్రాలు తిరిగేవారికీ వర్తింపజేయమని కేంద్రానికి మీ వైపు నుంచి రాయండి. కారు వెనక ట్రెయిలర్ ఉన్నప్పుడు టోల్ తరగతి ఏదో కూడా అదే లేఖలో స్పష్టం చేయించండి.

3. నగరానికి వచ్చే పెద్ద దారుల్లో మూడింట, అంటే తుమకూరు, హొసకోటె, దేవనహళ్లి వైపుల, కనీసం ఒక్కోచోట రాత్రి ఆగే స్థలం చూపండి. దేవనహళ్లి శుద్ధి కేంద్రంలో కాసెట్ పారబోసుకోవడానికి అనుమతి ఇవ్వండి.

4. ట్రెయిలర్ మీద ఫోన్ నంబరు రాసి ఉంటే, తీసుకెళ్లే ముందు ఆ నంబరుకు ఒక్క ఫోన్ చేయాలని ట్రాఫిక్ సిబ్బందికి చెప్పించండి. ఫోన్ ఎత్తకపోతే తీసుకెళ్లండి, మేం ఏమీ అనం.

5. టీసీ, చిరునామా, నెల ఏదైనా సరే, వచ్చిన బిడ్డను చేర్చుకోవాలని ప్రతి ప్రభుత్వ బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

వీటిలో ఏది కుదరదో కూడా చెప్పండి, కారణం రాతపూర్వకంగా ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు కింద మా అర్జీల మీద ఏం చర్య తీసుకున్నారో అడుగుతాం, ఆ కాగితాలను కూడా ఇలాగే అందరి ముందూ పెడతాం. ఈలోగా మా ట్రెయిలర్‌ను చూడాలనుకుంటే మీరు చెప్పిన చోటికి, చెప్పిన రోజున తెస్తాం. టేపు పెట్టి కొలవండి, తూకం వేయండి, బ్రేకులు, లైట్లు పరీక్షించండి, గ్యాస్ గొట్టం చూడండి. ఏమైనా లోపముంటే సరిచేసుకుని మళ్లీ తీసుకొస్తాం.

ఇట్లు,
ట్రెయిలర్‌లో కాపురముంటున్న ఒక కుటుంబం తరఫున,
బెంగళూరు